ఆకారాల వారం

పొద్దున తొమ్మిదిన్నరకి లైబ్రరీ పై అంతస్తులో కథలావిడ మొట్టమొదట చేసే పని ఎంగిలి తుడవడం. నిన్న పిల్లలు నోట్లో పెట్టుకున్న అట్టపుస్తకాలన్నీ తడిగుడ్డతో తుడిచి కిటికీ గట్టు మీద ఆరబెట్టేది. ఏనుగు పుస్తకంలో తొండం లేదు. ఎవరో తినేశారు.

"తినండి. చదివితే ఎలాగూ ఒంటబట్టదు" అని గొణుక్కునేది.

ఆవిడకి ఎవరన్నా గిట్టదు. ముక్కులు కారే పిల్లలు, వాళ్లని చాప మీద కూలేసి ఫోన్లు చూసుకునే తల్లులు, కింద కుర్చీలో కునికే వాచ్‌మన్, అందరూ దండగ మనుషులే. కానీ ఆవిడ కథ మొదలుపెట్టిందంటే ముక్కు కారేవాడు కూడా ఎగపీల్చడం మర్చిపోయేవాడు.

అందరికంటే గిట్టనివాడు కొత్త ఆఫీసరు. రెండు రోజులు ఏదో శిక్షణకి వెళ్లొచ్చి, పిల్లల కథలకి వారానికో థీమ్ ఉండాలని కనిపెట్టాడు. రంగుల వారం, వాహనాల వారం, కూరగాయల వారం. ఒక్కోదానికి ఒక కాగితం. ఏ పుస్తకం చదవాలి, ఏ పాట పాడాలి, పిల్లలు ఎప్పుడు చప్పట్లు కొట్టాలి, అన్నీ అందులో ఉంటాయి. పాటలు కూడా ఆయనే రాసేవాడు.

"ప్లాన్ ప్రకారమే చెప్తున్నారు కదా మేడమ్?"

"తమరు అంత కష్టపడి రాశాక ఇంకోలా చెప్తానా సార్!"

ఆయన మెట్లు దిగగానే ఆ కాగితాన్ని మడిచి, ఊగే బల్ల కాలి కింద పెట్టేది.

అలా పెట్టకపోతే పిల్లలు బరువెక్కేవాళ్లు. ఆ గదిలో అంతే. కథ ఎంత చప్పగా ఉంటే అంత బరువు. ఓసారి ఆవిడ జ్వరంతో రాకపోతే ఆఫీసరే కూర్చుని వాహనాల వారం నడిపాడు. మూడేళ్ల కవలల్ని కదిలించడం నలుగురి వల్ల కాలేదు. ఓ నిద్ర తీస్తే దిగిపోయే బరువే కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు. వాచ్‌మన్ మాత్రం నాలుగు దిళ్లు తెచ్చి ఆ గదిలో పడేశాడు.

ఆకారాల వారం మొదలయ్యే సోమవారం, పిచ్చుక తల్లి అరగంట ముందే వచ్చింది. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని ఆమెది. పిచ్చుక ఆమె నాలుగేళ్ల కూతురు. గుప్పెడంత ఉంటుందని కథలావిడే ఆ పేరు పెట్టింది.

"అక్కా, ఇవాళ కథ అయ్యాక మా వదిన వచ్చి పిల్లని తీసుకెళ్తుంది."

"ఎన్నాళ్లకి?"

"ఇంక పూర్తిగానే."

వదిన అంటే చనిపోయిన మొగుడి అక్క. ఆవిడకి పిల్లలు లేరు. కిందటేడు ఈమె జబ్బుపడి మంచాన ఉన్నప్పుడు, పిల్లని పెంచుకోవడానికి ఇచ్చినట్టు కాగితం రాయించుకుంది.

"బతుకుతాననుకోలేదక్కా. బతికాక వెనక్కి ఇమ్మంటే ఇవ్వనంటోంది. మా క్వార్టర్సు గేటు లోపలికి బయటివాళ్లని రానివ్వరని ఇక్కడికే వస్తానంది. పిల్లని తేకపోతే ఆ కాగితం పట్టుకుని పోలీసుల దగ్గరికి పోతానంది."

"సంతకం పెట్టేటప్పుడు ఉండాలి బుద్ధి. ఇప్పుడు నా దగ్గర ఏడిస్తే నేనేం చేస్తాను?"

"మీరు... ఇవాళ చప్పగా చెప్పండక్కా."

అర్థం కావడానికి కథలావిడకి ఓ క్షణం పట్టింది. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. "ముప్పై ఏళ్లు! ముప్పై ఏళ్లలో నా కథకి ఒక్క పిల్ల ఆవులించలేదు. నన్నా అడుగుతున్నావు? పో."

ఆమె పోలేదు. సబ్బునీళ్లకి నాని పాలిపోయిన చేతులు ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుంది.

పదింటికి పిల్లలు వచ్చారు. కథలావిడ వంగి, బల్ల కాలి కింది నుంచి కాగితం లాగింది.

"పిల్లలూ, నేటి మన అంశం వృత్తము" అంది. ఆఫీసరు రాసింది రాసినట్టు పాట ఎత్తుకుంది.

"వృత్తము గుండ్రముగా నుండును, చప్పట్లు!
గుండ్రముగా నున్నది వృత్తము, చప్పట్లు!"

పది నిమిషాలకి పిల్లలు ఒక్కొక్కరే చాప మీదికి ఒరిగిపోయారు. పిచ్చుక మాత్రం కథ ఎప్పుడు మొదలవుతుందా అని ఆవిడ మొహంలోకే చూస్తూ ఉండిపోయింది. ఆవిడ కళ్లు కాగితం మీదికి దించుకుంది. మూడోసారి చప్పట్లు కొట్టించింది.

పదకొండింటికి వదిన వచ్చింది. "పద బంగారం" అని వంగి చంకల కింద చేతులు వేసింది. పిల్ల కదల్లేదు. మళ్లీ లాగింది. మొగుణ్ని పిలిచింది. ఆయన ఒక్క ఊపు ఊపి, నడుం పట్టుకుని కూలబడ్డాడు.

"ఏం పెడుతున్నావే దీనికి?" అని పిచ్చుక తల్లి మీద అరిచింది వదిన. వాళ్ల ఊరికి పన్నెండు గంటల బస్సొక్కటే. "రేపొస్తాను!"

"రండి. రేపు చతురస్రం" అంది కథలావిడ.

మంగళవారం నాలుగు వైపులూ ఒక్కొక్కటే ఎంచింది. బుధవారం త్రిభుజం. గురువారం వదిన మూటలు మోసే మనుషులిద్దరిని తెచ్చింది. వాళ్లు పిల్లని చాపతో సహా లేపబోయారు. చాప చిరిగింది.

ఈలోపు మిగతా తల్లులు కథలావిడ వినేలాగే అనుకోవడం మొదలుపెట్టారు. "పెద్దదైపోయింది పాపం, పనైపోయింది." ముగ్గురు మానేశారు కూడా. లోకాన్నంతా చీపురుపుల్లలా తీసిపారేసే మనిషి, విని, తల వంచుకుని పుస్తకాలు సర్దుకుంది. దానికి తోడు ఆఫీసరు వచ్చి వెనక వరసలో కూర్చుని, అంతా విని, కళ్లు తుడుచుకున్నాడు.

"అద్భుతం మేడమ్. ప్లాన్ అంటే ఇదీ!"

తల్లుల మాటలన్నీ ఒక ఎత్తు, ఈ మెప్పు ఒక ఎత్తు. ఆ రాత్రి ఆవిడకి అన్నం సయించలేదు.

శుక్రవారం పునశ్చరణ, అంటే అన్ని ఆకారాలూ మళ్లీ. వదిన ఒక్కతే వచ్చింది, అదీ పెందలాడే. పిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చుని, అరగంటా విన్నది. అయ్యాక ఎత్తడానికి వంగలేదు. చాప మీద పిచ్చుక ఎదురుగా చతికిలబడింది.

"నాతో వస్తావా?" అంది. ఇన్నాళ్లలో ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"అమ్మ వస్తే వస్తా" అంది పిచ్చుక.

వదిన చెయ్యి చాచి పిచ్చుక జుట్టు సవరించింది. తర్వాత పెదవి విరిచి లేచింది. "ఇంత మొద్దుపిల్లని ఏం చేసుకోను నేను?" అంటూ చేతిసంచీలోంచి ఆ పెంపకం కాగితం తీసి తల్లి ఒళ్లో పడేసింది. ఎవరివైపూ చూడకుండా మెట్లు దిగిపోయింది.

పిచ్చుక చాప మీదికి ఒరిగి నిద్రలోకి జారుకుంది. తల్లి కాగితం విప్పింది, మడిచింది, మళ్లీ విప్పింది.

"అది పట్టుకుని ఇక్కడే కూర్చుంటావా? డ్యూటీకి పో. నిద్రలేచేదాకా నేనుంటాను" అని కసిరింది కథలావిడ.

నాలుగింటికి పిచ్చుక కళ్లు నులుముకుంటూ లేచి కూర్చుంది. హాలంతా ఖాళీ. "కథేదీ?" అంది.

కథలావిడ తలుపు వైపు ఓసారి చూసి, చాప మీదికి జరిగి, చెప్పడం మొదలుపెట్టింది. పుస్తకం లేదు, కాగితం లేదు. తల్లి డ్యూటీ దిగి వచ్చేసరికి కథ సగానికి వచ్చింది. ఎక్కడ ఆగిపోతుందోనని ఆమె గుమ్మంలోనే, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది.

"నిలబడతావేం, కూర్చో" అంది కథలావిడ విసుగ్గా. "మొదటినించీ చెప్తాను."