పది లక్షల రెజీనాలు

ఎవరి క్రిప్టో వ్యాలెట్‌లో ఏ టోకెన్లు, అంటే డిజిటల్ నాణేలు, ఎన్ని ఉన్నాయో చూపించే ప్రోగ్రాం రాయడం నా ఉద్యోగం. వ్యాలెట్ చిరునామా ఇస్తే ప్రోగ్రాం వెళ్లి క్లౌడ్‌లోని సర్వర్‌ను అడుగుతుంది, సర్వర్ లెక్క చెబుతుంది. చిరునామా తెలిస్తే చాలు, ఎవరి వ్యాలెట్‌లోకైనా ఎవరైనా తొంగిచూడవచ్చు. ఈ సంగతి నాకు తెలిసినంత బాగా మా కంపెనీలో ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం.

ఆఫీసు నెల్లూరులో ఉన్నా, నేను వాకాడులో మా ఇంటి వరండాలో కూర్చునే పనిచేస్తాను. ఆఫీసులో ఉండి నా ప్రోగ్రాంలో తప్పులు వెతకడం రెజీనా పని. ఆమె పట్టిన తప్పులను చదువుకుని రెండేళ్లుగా మురిసిపోతున్నాను. మనసులో మాట చెబుదామని ఫోన్ చేసేవాణ్ణి. ఆమె ఎత్తగానే "సర్వర్ డౌన్ అయిందా అండీ?" అని అడిగి పెట్టేసేవాణ్ణి.

ఒక ఆదివారం ఆరాధన అయిపోయి ఇంటికొచ్చాక, సొంత టోకెన్ తయారుచేయడం నేర్చుకుందామని కూర్చున్నాను. పేరేమిటని కంప్యూటర్ అడిగింది. నా వేళ్లు నన్ను అడగకుండానే "రెజీనా" అని కొట్టాయి. ఎన్ని కావాలంది. పది లక్షలన్నాను. ఒక్క రెజీనా ముందు నోరు విప్పలేని నేను, పది లక్షల మందిని వ్యాలెట్‌లో వేసుకుని, కడుపునిండా చేపల పులుసు తిని పడుకున్నాను.

కిందటి నెల చెన్నై క్లయింటుకు ఆన్‌లైన్లో మా ప్రోగ్రాం చూపించాల్సి వచ్చింది. మా మేనేజర్ గంగాధరం గారు ఉన్నారు, రెజీనా ఉంది. ముందే సిద్ధం చేసుకున్న వ్యాలెట్‌ను అడిగితే లెక్క చక్కగా వచ్చింది. నాకు గర్వం తలకెక్కింది.

"ఏ వ్యాలెట్ అయినా సరే సార్, క్షణంలో చెబుతుంది" అన్నాను.

"అయితే ఇంకోటి చూపించండి" అన్నాడు క్లయింటు.

కంగారులో చేతికందిన చిరునామా అతికించాను. అది నాదే. మామూలుగా నత్తనడక నడిచే మా ఊరి నెట్ ఆ పూట గుర్రమైపోయింది.

రెజీనా: 10,00,000.

"ఇదేం కాయిన్ రూఫస్? నేనెప్పుడూ వినలా" అన్నారు గంగాధరం గారు.

"కొత్తది సార్."

"రేటెంత?" అన్నాడు క్లయింటు.

"రేటు లేదు సార్. అంటే, విలువ లేదని కాదు..."

అక్కడితో ఆగినా బాగుండేది. "చాలా మంచి కాయిన్ సార్" అని కూడా అన్నాను.

అప్పుడు రెజీనా మైకు ఆన్ చేసింది. "అది పరీక్ష కోసం చేసుకున్న టోకెన్ సార్. పేరు ఏదో ఒకటి పెడతాం" అంది, ఏ తొట్రుపాటూ లేకుండా. క్లయింటు సరేనని తలూపాడు.

మీటింగ్ అవగానే ఫోన్ చేసింది.

"నా పేరెందుకు పెట్టినావు?"

"స్పెల్లింగ్ సులువని."

"పది లక్షలెందుకు?"

"తక్కువ చేస్తే మీరేమనుకుంటారోనని."

"తీసెయ్" అంది.

"ఒకసారి చేసినాక చెరపడం ఎవరివల్లా కాదు రెజీనా గారూ."

"అయితే మొత్తం నాకు పంపించు. నా పేరు నా దగ్గరుండాల."

"ఒక్కటి ఉంచుకోనా?"

"అందులో సగం కూడా వద్దు."

ఆమె తన వ్యాలెట్ చిరునామా ఇచ్చింది. అన్నీ పంపేశాను. మనసు ఊరుకోక నా వ్యాలెట్‌ను మళ్లీ అడిగి చూశాను. రెజీనా: 0 అని వచ్చింది. ఆ సున్నాను చూస్తూ కూర్చున్నాను.

టీ తాగి వచ్చేసరికి ఆఫీసు తప్పుల జాబితాలో నా పేరు మీద కొత్త తప్పు నమోదై ఉంది: "బ్యాలెన్స్ సున్నా అయిపోయినా టోకెన్ పేరు ఇంకా కనిపిస్తోంది. తీసేయాలి." రాసింది రెజీనా. కోపంతో రాసిందనుకుందామంటే, నిజంగానే అది తప్పు. సున్నా ఉన్న పేర్లు కనపడకుండా సాయంత్రంలోగా సరిచేసి పంపాను. ఆమె పరీక్షించి, కింద బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టింది.

రెండేళ్లలో నా పనికి దక్కిన మొదటి మెచ్చుకోలు. పట్టలేక, వరండాలో రొయ్యలు ఒలుస్తున్న మా అమ్మ రెబెక్కమ్మకు లాప్‌టాప్ తీసుకెళ్లి చూపించాను. ఫోన్లో నా మాటలన్నీ ఆమె వింటూనే ఉంది.

అమ్మ తెర దగ్గరికి మొహం పెట్టి చూసింది. "ఏందిరా, అంత చదువుకున్న పిల్లకి సంతకం రాదా? ఏలిముద్ర ఏసింది!"

"వచ్చమ్మా," అన్నాను. "పెళ్లి పుస్తకంలో నా పేరు పక్కన పెట్టేట్టు లేదు."