కోత పండుగలో కంప్యూటర్ వేలం

మా డాడీ సొలొమోను పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్లు ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన లెక్కలో పాడైన మెషీన్ అంటూ లోకంలో లేదు, ఇంకా విప్పి చూడని మెషీన్ ఉంటుంది, అంతే. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు సికింద్రాబాద్ నుంచి సామాను తెచ్చి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, రెండు రోజుల్లో ఒక కంప్యూటర్ బిగించాడు. దానికిప్పుడు పదకొండేళ్లు. దాని మీదే నేను పిల్లల కోసం బొమ్మల సినిమాలు తీస్తున్నాను. తీస్తున్నాను అనడం గొప్పకే. సగం రోజు అది ఆగిపోతే దాని మొహం చూస్తూ కూర్చుంటున్నాను.

వేడెక్కుతుందని దాని పక్క రేకు ఎప్పుడో ఊడదీశాం. ఎదురుగా టేబుల్ ఫ్యాను. మే నెలలో ఇంట్లో మనుషులు చెమటలు కక్కినా సరే, ఫ్యాను మాత్రం దానికే. అది ఆగినప్పుడల్లా నేను గొణుక్కుంటుంటే అవతలి గదిలోంచి డాడీ ఒకటే అడిగేవాడు.

"టైమెంత బిడ్డా?"

నాకు ఒళ్లు మండేది. పని ఆగి నేను ఏడుస్తుంటే ఈయనకు టైము కావాలట!

అక్టోబర్‌లో హైదరాబాద్ కంపెనీ ఒకటి నేను తీసిన మేకపిల్ల సినిమా ఒకటి చూసి, అలాంటివే పన్నెండు చేసివ్వగలరా అని అడిగింది. సోమవారం సాయంత్రంలోగా మాట చెప్పాలి. కొత్త కంప్యూటర్ ఉంటే చేయగలను. దీనితోనైతే రెండు కూడా కావు. కొనడానికి నేను దాచుకున్నది సరిపోతుంది. లేనిదల్లా డాడీ మొహం చూసి, నువ్వు బిగించింది ఇక చాలు అనే ధైర్యం. ఒకసారి మాట కదిపి చూశాను.

"దుమ్ము దులిపి, లోపల వేడి తగ్గే పేస్ట్ రాస్తే ఇంకో రెండేండ్లు నడుస్తది," అన్నాడు. "జెర ఓపిక పట్టు."

ఆ ఆదివారమే మా చర్చిలో కోత పండుగ. సండే స్కూల్ పిల్లలకు చూపిస్తానని, వేలంపాటలోంచి పారిపోయిన ఒక కోడి కథను నాలుగు నిమిషాల సినిమాగా చేశాను. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలంటే ముందు ముక్కలన్నీ కలిపి ఒకే ఫైలుగా వండాలి. శనివారం పొద్దున్నుంచి ఐదుసార్లు పొయ్యి ఎక్కించాను. ఐదుసార్లూ నడిమధ్యలో చల్లారిపోయింది. ఇక గత్యంతరం లేక, కంప్యూటర్‌నే తీసుకెళ్లి చర్చి గోడకున్న పెద్ద టీవీకి తగిలించి, ముక్కలను ఉన్నవి ఉన్నట్టే వరసగా వేద్దామనుకున్నాం. ఆదివారం ఆటోలో డాడీ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

మా చర్చిలో కోత పండుగకు ఎవరి పంటలో తొలిభాగం వాళ్లు బలిపీఠం ముందు పెడతారు. వడ్లు, గుమ్మడికాయలు, చెరుకుగడలు, కాళ్లు కట్టిన కోళ్లు. ఆరాధన కాగానే అన్నిటినీ వేలం వేస్తారు. ఒకసారి అక్కడ పెట్టింది ఇక దేవునిది. పొరపాటున పెట్టినా సరే, కావాలంటే పాట పాడి కొనుక్కోవలసిందే.

ప్లగ్గు బలిపీఠం పక్కనే ఉంది. ఆరాధన కాగానే డాడీ కంప్యూటర్‌ని అక్కడే, రెండు గుమ్మడికాయల మధ్య దించి, వైరు అందక ఎక్స్‌టెన్షన్ బాక్సు కోసం బయటికెళ్లాడు. నేను టీవీ వెనక తల దూర్చి ఉన్నాను. పూలు పెట్టేవాళ్లు గుమ్మడికాయలకు వేసినట్టే దానికీ ఒక బంతిపూల దండ వేసి వెళ్లారు.

నేను తల బయటికి తీసేసరికి, వేలం పాడించే కుమార్ అంకుల్ దాని మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు.

"సూడుండ్రి! స్క్రూ గూడ పారెయ్యని మన సొలొమోనన్న, దేవునికి కంప్యూటర్ ఇచ్చిండు!"

చప్పట్లు! అప్పుడే బాక్సు పట్టుకుని లోపలికొచ్చిన డాడీ గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. కాదు అంటే దేవుని ముందు మాట తప్పినట్టు.

"అయిదు వందలు," అన్నాడు నీరసంగా.

"వెయ్యి!" అంది సండే స్కూల్ నడిపే లీలమ్మ ఆంటీ.

"పన్నెండు వందలు. లీలమ్మక్కా, నీకెందుకది?"

"పదిహేను వందలు. మంచి మెషీనని నువ్వే గదా తమ్మీ అందరికీ చెప్పుకుంట తిరిగేది?"

డాడీకి వేరే దారి లేకపోయింది. ధర దించాలంటే సరుకును తిట్టాలి.

"ఏం మంచిదక్కా! ఈ ఒక్క నెలల నలభై ఒక్కసార్లు ఆగింది. నిన్ననైతే ఐదుసార్లు. ఫ్యాను లేకుంటే పది నిమిషాలు గూడ నడవది. నాలుగు నిమిషాల సినిమాకు మూడు గంటలు తింటది, తిని గూడ పని జెయ్యది..."

అని ఠక్కున ఆగిపోయాడు. తన నోటితో తాను చెప్పింది తనకే వినబడినట్టుంది. నా వైపు తిరిగాడు.

"గిన్ని రోగాలున్నదాంతోనా బిడ్డా నువ్వు పనిజేస్తున్నది?"

"యాడాది సంది మొత్తుకుంటున్న గదా డాడీ!" అన్నాను. చర్చి అంతా గొల్లున నవ్వింది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

డాడీ ఇక పాట పెంచలేదు. కుమార్ అంకుల్ మూడుసార్లు పిలిచి లీలమ్మ ఆంటీ పేరు చెప్పాడు.

"పిల్లలు బొమ్మలు గీసుకుంటరు. గంతపనికి ఆగదులే," అంది ఆంటీ. "దాంట్లున్న నీ సినిమాలన్నీ తీసుకున్నంకనే ఇయ్యి డెబోరా. ఇగ సినిమా వెయ్యి."

వేశాను. కోడి తాడు తెంపుకుంది, బుట్ట ఎక్కింది, గోడ మీదికి ఎగరబోయి ఒంటికాలి మీద అలాగే ఆగిపోయింది. పిల్లలు నన్నే చూస్తున్నారు. ఎక్కడినుంచో అలవాటైన గొంతు వినిపించింది.

"టైమెంత?"

"పన్నెండుంబావు!" అని చర్చి అంతా అరిచింది.

సోమవారం పొద్దున నేను లేచేసరికి డాడీ ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్క్రూడ్రైవర్ల సంచీ భుజాన తగిలించుకుని కూర్చున్నాడు.

"నడువు, సికింద్రాబాద్ పోదాం. ఏది కొనాలో నువ్వు చెప్పు. బిగించుడు మాత్రం ఇద్దరం కలిసే."

బస్సులో సంచీలోంచి ఒక నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టాడు. ఫ్యాక్టరీలో మెషీన్ ఆగితే రాసే రిజిస్టర్ లాగా స్కేలుతో గీతలు గీసి ఉన్నాయి. తేదీ, టైము, కారణం. యాడాదిగా నా కంప్యూటర్ ఆగిన ప్రతిసారీ అందులో ఉంది. నేను విసుక్కుంటూ చెప్పిన ప్రతి టైమూ ఉంది. కారణం దగ్గర మొదట్లో "వేడి" అని రాశాడు, తర్వాత "దుమ్ము", ఆ తర్వాత పేజీలకు పేజీలు "తెల్వదు". నేను మొత్తుకున్నదేదీ ఆయన వినలేదనుకున్నాను. ఒక్కటీ వదలకుండా విన్నాడు.

కంపెనీకి బస్సులోంచే ఫోన్ చేసి, పన్నెండూ చేస్తానని చెప్పాను. తర్వాత చివరి పేజీ తిప్పాను. ఆదివారం, పన్నెండుంబావు. కారణం దగ్గర డాడీ గుండ్రటి అక్షరాలతో రాశాడు:

"మెషీన్ మంచిదే. బిడ్డ పని పెద్దగయ్యింది."