నిలవని టాస్క్‌బార్

పొద్దున్నే శశికళ కంప్యూటర్ తెరిస్తే తెర అడుగునుండే టాస్క్‌బార్ మళ్ళీ మొదటికొచ్చింది. నిన్న సాయంత్రం వరసగా పెట్టుకున్న ఆరు ప్రోగ్రాములూ మాయం. రెండు వారాలుగా రోజూ ఇదే తంతు.

బెళ్ళందూరులోని ఆ ఆఫీసులో పంతొమ్మిదేళ్ళుగా రికార్డులు చూస్తున్న మనిషి ఆమె. నాలుగుసార్లు ఫిర్యాదు పెట్టేసరికి మేనేజర్ చేతన్ మీటింగులో, "ఆంటీకి మౌస్ పట్టుకోవడం నేర్పిద్దాం" అన్నాడు. అందరూ పళ్ళికిలించారు. నవ్వితే నవ్వారు, ఆ మాటే ఆమె వార్షిక రిపోర్టులోకీ ఎక్కింది: కొత్త పద్ధతులు నేర్చుకోలేరు అని. మధ్యాహ్నం మూడింటికి దాని మీద సంతకం పెట్టాలి. పెడితే ఉద్యోగం పోయినట్టే.

కంప్యూటర్లు బాగుచేసే ఓంకార్ పదకొండింటికి వచ్చాడు. గుంటూరు మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు.

"నేనేమన్నా తప్పు చేస్తా ఉండానేమో చూడప్పా" అంది.

అతను కాసేపు అదీ ఇదీ నొక్కి చూసి గొంతు తగ్గించాడు. "మీ తప్పేం లేదండీ. మీ అకౌంటుని టెంపరరీ లిస్టులో పెట్టారు. మీరేం మార్చినా లాగౌట్ అవగానే చెరిగిపోతుంది. వెళ్ళిపోయేవాళ్ళకి అలా పెడతారు."

"ఎవురు పెట్టమనింది?"

"చేతన్ గారు. మూడో తారీఖున మాకు మెయిల్ పంపారు. నేను చెప్పానని మాత్రం అనకండి, మీకు దణ్ణం పెడతాను."

ఆమె మొదటి ఫిర్యాదు పెట్టింది ఐదో తారీఖున. అంటే సాగనంపడం ముందే ఖాయం చేసుకుని, సాకు ఆమె చేతే రాయించుకున్నారన్నమాట. శశికళకు ఒళ్ళు మండిపోయింది.

మూడింటికి చేతన్ గదిలో ఆమె సంతకం పెట్టలేదు. లోపం కంప్యూటర్లోనే ఉంది, కావాలంటే చూసినాయన్నే పిలిచి అడగండి అంది. మెయిలు ఊసెత్తలేదు. ఆ మాత్రం నిజం ఓంకార్ చెబుతాడనే నమ్మింది, పిచ్చి మనిషి.

ఓంకార్ వచ్చాడు. ఆమె వైపు చూడకుండా, "లోపమేం లేదు సార్. మేడమ్‌కే సెట్టింగులు మార్చడం రావట్లేదు" అన్నాడు. మాట తడబడనైనా లేదు.

చేతన్ మీద చూపించలేని కోపమంతా శశికళ ఓంకార్ మీద కక్కేసింది. "పొద్దున వేరే చెప్తివి కదప్పా! టెంపరరీ లిస్టు, మూడో తారీఖు మెయిలు, అంతా నువ్వే చెప్తివే!"

అన్నాక ఒక్క క్షణం కడుపు చల్లబడింది.

చేతన్ ఓంకార్ వైపు తిరిగి, "మీ కాంట్రాక్ట్ ఎప్పటిదాకా?" అని నెమ్మదిగా అడిగాడు.

"ఈ నెలాఖరు వరకు సార్" అన్నాడు ఓంకార్. ముఖంలో నెత్తుటిచుక్క లేదు.

తన మాట ఇక చెల్లదని తెలిసి శశికళ సంతకం పెట్టింది. ఇద్దరి ఉద్యోగాలూ ఆ గదిలోనే పోయాయి, ఓంకార్‌ది ఆమె నోటివల్లే పోయింది.