త్రివేణి ఎత్తిన షట్టరు

నాచారం పారిశ్రామికవాడలో మొదటి షిఫ్టు ఆరింటికి మొదలవుతుంది. ఆ షిఫ్టుకు పోయేవాళ్లు ఆలోపే నాలుగు ఇడ్లీలో రెండు వడలో నోట్లో వేసుకుని ఫ్యాక్టరీ గేటు దాటాలి. కాబట్టి ‘త్రివేణి టిఫిన్స్’ అయిదింటికల్లా తెరవాలి. అంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, తెరవాల్సిన త్రివేణికి ఆ కొట్టు షట్టరు లేవదు.

లేవదంటే మరీ లేవకపోదు, మోకాళ్ల దాకా వస్తుంది. అక్కడ కాసేపు ఆలోచించి, కిర్రుమంటూ కిందికి దిగిపోతుంది. దాని స్ప్రింగు ఏనాడో చచ్చింది. కొట్టు యజమాని మేడిపల్లిలో ఉంటాడు. ఫోన్ చేసిన ప్రతిసారీ “ఈ వారం మనిషిని పంపుత” అంటాడు. ఆ వారం ఇంతవరకు ఏ క్యాలెండరులోనూ రాలేదు. త్రివేణి భర్త తిరుపతికి సీసాల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. అతను ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది. అందుకని రోజూ తెల్లవారుజామున పక్క కొట్టు దయాకర్‌కు ఫోన్ చేయాలి. అతనిది జిరాక్స్ షాపు, ఇల్లు వెనక సందులోనే.

దయాకర్ మంచివాడు, పిలిస్తే వస్తాడు. కాకపోతే ఉపన్యాసం వెంటబెట్టుకుని వస్తాడు.

“జరుగక్కా, జర జరుగు. ఇది ఆడోళ్లతోని అయ్యే పని గాదు. ఇనుము ఇది, ఇడ్లీ గిన్నె మూత గాదు,” అంటూ లుంగీ ఎగ్గట్టి, మూలుగుతూ ముక్కుతూ మొత్తానికి పైకి లేపుతాడు. ఆ తర్వాత చాయ్ తాగుతూ వచ్చిన ప్రతి గిరాకీకీ అదే సంగతి మళ్లీ మొదటి నుంచి చెబుతాడు. త్రివేణి పళ్లు బిగబట్టి వడలు వేయించేది. చేయించుకున్న సాయానికి మాట పడక తప్పదని సర్దుకునేది.

బోనాల మరునాడు మాత్రం ఆ సర్దుబాటు చెల్లలేదు. దయాకర్ ఫోన్ మోగీ మోగీ ఆగిపోయింది. మూసిన షట్టరు ముందు, పిండి గిన్నె పక్కన పెట్టుకుని, మెట్టు మీద కూర్చుంది త్రివేణి. వచ్చినవాళ్లు వచ్చినట్టే చూసి, జాలిపడి, మూలమీది బండి దగ్గరికి వెళ్లిపోయారు. కొట్టు తనది, తాళంచెవి తనది, పిండి తనది. తెరవడానికి మాత్రం ఇంకొకరి భుజాలు కావాలి. ఆ మాట తోచగానే ఆమెకు ఏడుపొచ్చింది, ఏడుపు వెనకే ఒళ్లు మండింది.

ఏడింటికి దయాకర్ కళ్లు నులుముకుంటూ వచ్చాడు. “ఏం జేద్దమక్కా, నిన్న బోనాలు గదా.”

“తమ్మీ, దసరా ఎల్లిన తెల్లారి ఈ షట్టర్ నేనొక్కదాన్నే ఎత్తుత. ఎత్తకపోతే పొద్దుగాల టిఫిన్ బంద్ పెట్టి, అందరి లెక్క తొమ్మిదింటికే తీస్త,” అంది త్రివేణి. అన్నాక గానీ ఎంత మాట అనేసిందో తెలియలేదు. ఆ కొట్టుకు మొదటి షిఫ్టే ప్రాణం, తొమ్మిదింటికి ఇడ్లీ తినేవాడు ఆ వీధిలో ఎవడూ లేడు.

త్రివేణి వాళ్ల పైగదిలో సాయి ప్రియ అనే అమ్మాయి అద్దెకుంటోంది. కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతూ రోజూ ఉప్పల్ వైపు గ్రౌండుకు పోయి పరుగులు తీస్తుంది. త్రివేణి ఆ సాయంత్రమే ఆమెను పట్టుకుంది.

సాయి ప్రియ వచ్చి షట్టరును అటూ ఇటూ చూసి తేల్చింది. “ఇందుల రెండు పనులున్నయక్కా. ఛాతీ దాంక గుంజుడు, ఆడికెల్లి మీదికి నూకుడు. గుంజనీకి పుల్-అప్స్, నూకనీకి పుష్-అప్స్. రెండూ వస్తే ఇది లేస్తది.”

“గంతేనా? తియ్, ఇప్పుడే జేస్త,” అని త్రివేణి చీర చెంగు దోపి నేలమీద బోర్లా పడుకుంది. చేతులు ఆన్చి పైకి లేవబోయింది. తల లేచింది, మిగతా త్రివేణి లేవలేదు.

“లెవ్వక్కా.”

“లేస్తున్ననే.”

“లేస్తలేవక్కా.”

అందుకని సాయి ప్రియ గోడ దగ్గర మొదలుపెట్టించింది. నిలబడి, గోడకు అరచేతులు ఆన్చి, ఛాతీ ముందుకు వంచి మళ్లీ తోసుకోవడం. పదిహేను రోజులకు త్రివేణి గోడ వదిలి వంటగట్టు పట్టుకుంది. గట్టు తర్వాత మెట్లు. ఒక్కో మెట్టు దిగేకొద్దీ ఒళ్లు ఇంత బరువుందా అని త్రివేణికే ఆశ్చర్యమయ్యేది. కాలనీ పార్కులో ఇనుప కడ్డీ ఒకటుంది. మొదటి రోజు దానికి వేలాడితే నాలుగు సెకన్లకే చేతులు జారిపోయాయి. ఇరవై సెకన్లు వేలాడగలిగాక సాయి ప్రియ స్టూలు తెప్పించింది. దానిమీద ఎక్కి, గడ్డం కడ్డీ పైన ఉంచి, కాళ్లు వదిలేసి, అయిదు లెక్కపెడుతూ మెల్లగా కిందికి రావాలి. ఎక్కడం రాకముందే దిగడం నేర్పే చదువు ఇదొక్కటే కాబోలు.

అన్నింటికీ ఒప్పుకుంది గానీ, ఒకరోజు చేసి ఒకరోజు మానేయమంటే త్రివేణి నమ్మలేదు. పెళ్లయిన నాటి నుంచి ఆదివారం ముఖం చూడని మనిషి. “ఆరాం జేస్తే బలమొస్తదా? గట్లయితే మా ఆయన పహిల్వాన్ కావాలె,” అని నవ్వి, మానేయాల్సిన రోజుల్లో కూడా దొంగచాటుగా పని కానిచ్చింది. నాలుగో రోజుకు గరిటె లేవలేదు. సాంబారు పోస్తే సగం గరిటె పళ్లెంలో, సగం గట్టు మీద. “ఏందక్కా, సాంబార్ వాసన సూపిస్తున్నవా?” అని గిరాకీలు గోల పెట్టారు. సాయి ప్రియ విని తలపట్టుకుంది. మూడు రోజులు ఏమీ చేయొద్దని, రోజూ రెండు గుడ్లు తినమని హుకుం జారీ చేసింది. మూడు రోజుల తర్వాత మెట్ల దగ్గర అయిదు వచ్చేవి ఎనిమిది వచ్చాయి. అప్పటి నుంచి త్రివేణి విశ్రాంతిని కూడా మందు వేసుకున్నంత భక్తిగా తీసుకుంది.

వినాయక చవితికి షట్టరు నడుము దాకా వచ్చింది. బతుకమ్మ మొదలైననాటికి ఛాతీ దాకా. ఆపైన ఇంచు కదలలేదు. నేలమీద మూడు పుష్-అప్స్ తీసే మనిషి, కడ్డీకి గడ్డం అందడానికి జానెడు దూరంలో ఉన్న మనిషి, రోజూ ఛాతీ దగ్గర ఆగిపోయేది. దయాకర్ మిగతా సగం లేపేవాడు. ఆమె ముఖం చూసి ఉపన్యాసం కూడా మానేశాడు.

దసరా రోజు త్రివేణి పొయ్యికీ గ్రైండరుకూ బంతిపూలు చుట్టి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఇంటికెళ్లింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లారి అయిదింటికి కొట్టు ముందు చిన్న తిరునాళ్లే జరిగింది. సాయి ప్రియ వచ్చింది. తిరుపతి సెలవు పెట్టి, వీడియో తీస్తానని ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. మొదటి షిఫ్టు వాళ్లు పదిమంది చుట్టూ చేరారు. త్రివేణి కూర్చున్నట్టు వంగి, పిడి పట్టుకుని, ఊపిరి బిగబట్టి లాగింది.

షట్టరు జుయ్యిమని పైకి పోయింది. అంత తేలిగ్గా పోతుందనుకోని త్రివేణి వెనక్కి తూలి నిలదొక్కుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చేతులు చూసుకుంది. నల్లగా, జిడ్డుగా ఉన్నాయి. వాసన చూసింది. తన కొట్టులో ఆ చేతులకు తెలియని నూనె లేదు, ఇది ఆ కొట్టుది కాదు.

“ఎవరు జేసిన్రు ఇది?”

దయాకర్ వెలిగిపోతూ ముందుకొచ్చాడు. “నేనే అక్కా! పండుగ గదా, అన్నీ బాగు జేసుకుంటం గదా. నిన్న నువ్వు ఇంటికి వోయినంక నా షట్టర్‌కు మెకానిక్‌ను పిలిచిన. ముందుగాల అక్కది జెయ్యి అన్న. తాళం ముట్టకుంటనే, బయటికెల్లి పైడబ్బా ఇప్పి కొత్త స్ప్రింగ్ ఏసిండు, గ్రీజు పెట్టిండు. ఇగ చిన్నపిల్లగాడు ముట్టుకున్నా లేస్తది!”

చప్పట్లు ఆగిపోయాయి. మూడు నెలల గోడ, గట్టు, మెట్లు, కడ్డీ, గుడ్లు, అన్నీ కలిసి ఒక చిన్నపిల్లగాడి పనైపోయాయి. త్రివేణి అతని వైపు తిరిగింది.

“నిన్నెవరడిగిన్రు తమ్మీ?”

“నీ మంచికే గదక్కా. ఓడిపోతవేమోనని...”

“మంచికే. గని నేనెత్తిన్నా, గ్రీజు ఎత్తిందా? ఇప్పుడు నాకెట్ల తెలుస్తది?”

మంచి చేసేవాడు ముందు ఒక్క మాట అడిగితే వాడి సొమ్మేం పోతుందో ఎవరికీ తెలియదు.

“మరి నీ షట్టర్?” అంది త్రివేణి.

“నాది కాలేదక్కా. స్ప్రింగ్ ఒక్కటే తెచ్చిండు. దీపావళికి వస్త అన్నడు.”

త్రివేణి పక్క కొట్టు వైపు చూసింది. అదే కొలత, అదే ఇనుము, తుప్పు మాత్రం రెండింతలు.

“తాళం తియ్.”

“అక్కా, నడుం పట్టేస్తది...”

“తియ్ అంటున్న గదా!”

ఆ గొంతు విని దయాకర్ తాళం తీశాడు. త్రివేణి చేతులు కొంగుకు తుడుచుకుని వంగింది. లాగింది. షట్టరు మూలిగింది, మోకాళ్లు దాటింది, నడుము దాటింది, ఛాతీ దగ్గరికొచ్చి ఎప్పటిలాగే మొరాయించింది. భుజాలు వణికాయి. తుప్పు జుట్టులో రాలింది. దయాకర్ చెయ్యి చాపాడు.

“అన్నా, చెయ్యి పెట్టకు!” అని అరిచింది సాయి ప్రియ. “అక్కా, లోపటికి అడుగెయ్యి! ఇప్పుడు నూకు!”

త్రివేణి ఒక అడుగు లోపలికి వేసి, అరచేతులు అడుగున పెట్టి, నేలను తోసినట్టే పైకి తోసింది. ఇంచు కదిలింది. ఇంకో ఇంచు. ముఖం దాటింది, తల దాటింది, చేతులు నిటారుగా నిలిచాయి. ఒక్కసారిగా గడగడమంటూ పైకి చుట్టుకుపోయింది.

దయాకర్ తన షట్టరునే చూస్తూ చిన్న గొంతుతో అన్నాడు.

“అక్కా, ఒక మాట జెప్త, నవ్వొద్దు. దీన్ని నేనెన్నడు ఒక్కన్నే ఎత్తలే. పక్క గల్లీ వాచ్‌మన్ రామస్వామి వచ్చి ఒక పట్టు పడితేనే లేస్తది. ఆయన తొమ్మిదింటికి వస్తడు. అందుకే నా దుకాణం తొమ్మిదింటికి.”

త్రివేణి అతని భుజాలకేసి చూసింది. ఇన్నాళ్లూ తాను చిన్నబోయింది వీటి ముందేనా? నవ్వు ముంచుకొచ్చింది. మెట్టు మీద కూలబడి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. గ్రీజు చేతులతోనే కళ్లు తుడుచుకుంటే బుగ్గల మీద నల్లటి చారలు పడ్డాయి. దయాకర్ కూడా సిగ్గుసిగ్గుగా నవ్వాడు. తిరుపతి వీడియో చూసుకుంటే మూడొంతులు అతని వేలే కనబడింది.

“అక్కా, మస్తు ఎత్తినవ్ గని, ఇడ్లీ ఏది? షిఫ్టుకు టైమైతుంది,” అన్నాడొకడు.

అప్పుడు గుర్తొచ్చింది, పొయ్యే వెలిగించలేదని.

“ఇయ్యాల ఒక్కనాడు బండి కాడ తినున్రి,” అంది త్రివేణి లేస్తూ. “రేపటి సంది అయిదింటికి రాన్రి. తెరిచే ఉంటది. నేనే తీస్త.”

ఆ మాట అన్నాక ఆమెకు పొద్దున్నే కడుపు నిండినట్టయింది.