బొంగురు హారన్

దీపాలు పెట్టే వేళకి ఆనందరావు బండి మూలిగేది. ఎవరూ చెయ్యి వేయకుండానే, రేకుల పంచలో నిలబెట్టిన పాత మోటారుసైకిలు హారన్ బొంగురుగా ఒక్కసారి మోగి ఆగిపోయేది. ఆనందరావు చచ్చిపోయి అప్పటికి వేసవీ వానాకాలమూ గడిచాయి. దుర్గిలో రాతి విగ్రహాలు చెక్కి చెక్కి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి పోయాడు. ఆఖరి రోజుల్లో అతని గొంతు అచ్చం అలాగే ఉండేది.

“వచ్చినాడే నా బిడ్డ,” అనేది తల్లి రూతమ్మ. ఆ కూత విన్నాకే కంచం ముందు కూర్చునేది.

కోడలు చిన్నారికి ఒళ్లు మండేది. ఆమె పక్క ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. పెళ్లయిన కొత్తలో మొగుడే నేర్పిన ఆ గేర్ల బండి మీదే రోజూ వెళ్లొస్తుంది. ఊరంతా నోళ్లు నొక్కుకున్నా ఖాతరు చేయలేదు. అలాంటి మనిషి దెయ్యాలకు జడుస్తుందా? హ్యాండిల్ కింద హారన్ వైరు ఒరుసుకుపోయి, సాయంత్రం గాలికి ఇనుముకి తగులుతోందని ఆమెకు తెలుసు. తెలిసినా, ఆ కూత వినబడగానే చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగేది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

పోయినవాళ్లకి కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండుగ దగ్గరపడ్డాక ఒక సాయంత్రం హారన్ మోగలేదు. మర్నాడూ మోగలేదు. బండి లైటు కూడా మిణుకుమని ఆరిపోయింది. రూతమ్మ మంచం పట్టింది.

“ఏమే, వాడు నా మీద అలిగినాడే,” అని గోడవైపు తిరిగి పడుకుంది. గంజినీళ్లు తప్ప గొంతు దిగడం లేదు. మనిషి చూస్తుండగానే ఎండిపోతోంది. మొగుణ్ణి సమాధి చేసిన ఏడాదిలోనే అత్తను కూడా మోయాల్సి వస్తుందేమోనని చిన్నారికి భయం పట్టుకుంది. బండి తీసుకుని మెకానిక్ షంషాద్ దగ్గరికి పోయింది.

షంషాద్ బ్యాటరీ పైకి తీసి, బిరడాలు విప్పి వెలుతురుకి పట్టాడు. లోపల సున్నం పేరుకున్నట్టు తెల్లగా ఉంది.

“ఏం నీళ్లు పోసినావు చెల్లెమ్మా దీంట్లో?”

“నేనేం పోయలేదన్నా. ఆయన పోయినాక మూత కూడా తియ్యలేదు.”

“నిండా ఉంటే లేదంటావేంది? ఇయ్యన్నీ బోరు నీళ్లే. మన నేలంతా సున్నపురాయి. ఈ నీళ్లు పోస్తే ఎట్టాంటి బ్యాటరీ అయినా చచ్చుద్ది. డిస్టిల్డ్ వాటర్ తప్ప చుక్క పడగూడదు.”

ఇంటికొచ్చి అత్తను అడిగింది. రూతమ్మ ఏమీ దాచలేదు.

“నేనే పోసినా. ఆదివారం పూజ నుంచి రాంగానే వాడు దానికి నీళ్లు పోసేవోడు గదా. వాడు పోయినాక ఎవురు పోస్తారు? మామూలు నీళ్లు గాదులే, ఫాదరుగారు మంత్రించినయ్యే. సీసాలో తెచ్చి పోస్తన్నా. బిడ్డకి దాహమేసుద్దని.”

ఫాదరుగారు మంత్రించేవి గుడి వెనక బోరు నీళ్లే. కొడుకు గొంతు తడపబోయి ఆ తల్లే దాన్ని నొక్కేసింది. ఈ మాట చెబితే ముసలి ప్రాణం అక్కడికక్కడే పోతుంది. “మంచి పని చేసినావత్తా,” అని మాత్రం అని, చిన్నారి వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

మర్నాడు షంషాద్ విషయం తేల్చి చెప్పాడు.

“పాత బండి, ఆరు వోల్టులది. పన్నెండుది పెడితే బల్బులన్నీ మాడిపోతయ్. ఆరులోనే సీలు వేసింది ఒకటి మాచర్లలో దొరుకుద్ది. దానికి మూతే ఉండదు, మీ అత్త నీళ్లు పోద్దామన్నా కుదరదు. నా మాటిని అదే పెట్టిచ్చుకో.”

చిన్నారి తల అడ్డంగా ఊపింది. “మూతలుండేదే తెప్పించన్నా. ఆ డిస్టిల్డ్ వాటర్ డబ్బా కూడా ఇయ్యి, అత్త సీసాలో అయ్యే నింపి పెడతా. ఆమె చేతికి ఆ పనన్నా ఉండాల.”

“సరే, హారన్ వైరుకి టేపు చుట్టేస్తా.”

“దాని జోలికి పోవద్దు.”

షంషాద్ టేపు పక్కన పెట్టేశాడు. కొత్త బ్యాటరీ తెప్పించి, నిండా ఛార్జింగు పెట్టి, వైర్ల కొసలకు వాజలైన్ రాసి బిగించి ఇచ్చాడు.

ఆ సాయంత్రం చిన్నారి అత్తను మెల్లగా మంచం మీంచి లేపి తీసుకొచ్చింది, ఇద్దరూ పంచలో కూర్చున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. గాలి తిరిగి రేకులు చప్పుడు చేశాయి. ఉన్నట్టుండి హారన్ ఖంగుమంది. బొంగురు లేదు, మూలుగు లేదు. వీధి చివరిదాకా వినబడేంత గట్టిగా మోగింది.

రూతమ్మ లేచి నిలబడింది. “విన్నావటే? గొంతు బాగయింది నా బిడ్డకి! ఆ దుమ్మంతా పోయిందే. దేవుడి దగ్గరికి చేరినాడు,” అంటూ సిలువ గుర్తు వేసుకుంది. తానే వడ్డించుకుని కడుపునిండా తింది. “రేపు నువ్వు చెప్పే ఆ వైరేందో కట్టిచ్చు. వాణ్ణి ఇంక నిలేసి ఉంచగూడదు. పోనీ,” అంది చెయ్యి కడుక్కుంటూ.

చిన్నారి కంచం పక్కకు నెట్టింది. అత్త బతికింది, కోరుకున్నదీ అదే. కానీ ఖంగుమన్న ఆ గొంతు ఎవరిదో ఆమెకు తెలియదు. ఆమె ఎరిగిన మనిషి, మంచంలోంచి బొంగురు గొంతుతో “చిన్నీ, కాసిని నీళ్లియ్యవే” అని పిలిచిన మనిషి, ఆ పాత బ్యాటరీలోనే ఉండిపోయాడు. వైరు తగులుతోందంతే అని ఇన్నాళ్లూ తనకు తాను చెప్పుకుంటూ, రోజూ ఆ పిలుపు కోసమే చెవులు రిక్కించింది.

పొద్దున్నే బండేసుకుని షంషాద్ కొట్టుకు పోయింది. “మా పాత బ్యాటరీ ఇయ్యన్నా.”

“ఇంకెక్కడిది? తుక్కు బండోడు నిన్ననే ఎత్తుకపోయె. కరగబెడతారు దాన్ని. చచ్చినదాంతో ఏం జేసుకుంటావు చెల్లెమ్మా?”

అత్త చెప్పినట్టే వైరుకు టేపు చుట్టించుకుని అంగన్‌వాడీకి బయల్దేరింది. దారిలో గొర్రెల మంద అడ్డం వచ్చింది. హారన్ మీద బొటనవేలు పెట్టింది గానీ, ఆ కొత్త గొంతు వినే ధైర్యం చాలక నొక్కలేకపోయింది.

“హారన్ కొట్టమ్మా, జరుగుతయ్!” అని కాపరి కేకేశాడు.

చిన్నారి ఇంజను ఆపేసి, చివరి గొర్రె దాటేదాకా అలాగే నిలబడింది.