పక్క బండి తాళం

పొదిలి రోడ్డులో నాగేంద్రబాబు బార్ తెరిచిన నాటి నుంచీ ఆడమనిషి ఎవరూ ఆ గడప తొక్కలేదు. ఆ సాయంత్రం ఎలీసమ్మ తొక్కింది. తొక్కక ఏం చేస్తుంది? మిరపకోతల నుంచి ఇళ్లకు మళ్లిన కూలీలంతా బయట ట్రాక్టరు ట్రాలీలో కూర్చుని ఉన్నారు. వాళ్లను పనికి పిలుచుకొచ్చిన మేస్త్రి తనే. ఒక్కగానొక్క కూతురు సువార్త కూడా అందులోనే ఉంది. డ్రైవరు యలమందయ్యేమో "ఇట్టా పోయి అట్టా వస్తా" అని లోపలికెళ్లి, పొద్దు గుంకుతున్నా బయటికి రాలేదు.

లోపల యలమందయ్య గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నా అది నిలవడం లేదు. మాట ముద్దముద్దగా వస్తోంది. సప్లయరు ఆ గ్లాసులోనే మళ్లీ పోస్తున్నాడు.

"అయ్యా, ఆయనకింక పొయ్యబాకండి. మేం సాగర్ కాలవ కట్ట మీద పోవాల," అంది ఎలీసమ్మ, కౌంటరు దగ్గరున్న నాగేంద్రబాబుతో.

"అడిగినోడికి పొయ్యకపోతే ఇంక బార్ ఎందుకమ్మే? ఇక్కడున్నంతసేపే నా పూచీ. గడప దాటాక వాడి ఖర్మ."

ఎంత తేలిగ్గా అనేశాడో చూడండి! పోసే చెయ్యి తనది, పడేవాడి ఖర్మ వాడిది. ఎలీసమ్మ కాళ్లావేళ్లా పడింది. తాగేవాళ్లంతా తలలు తిప్పి చూడటంతో నాగేంద్రబాబుకు చిరాకేసింది. లేచి వెళ్లి, యలమందయ్య జేబులోంచి ట్రాక్టరు తాళం లాగి ఆమె చేతిలో పడేశాడు.

"ఇదిగో. ఇక బండి నీ పూచీ. గోల చెయ్యకుండా బయటికి నడువు."

ఎలీసమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఆమెకు తెలిసిన తాళమల్లా తన ట్రంకుపెట్టె తాళమే. ఒక తాళంకప్పకు ఒకటే తాళం. అది తన గుప్పిట్లో ఉంటే ఇంక బండి ఎలా కదులుతుంది?

"అడ్డరోడ్డుకి పోయి ఆటోలు మాట్లాడుకొస్తా," అంది ట్రాలీ దగ్గరికొచ్చి.

"అందాకా కిందికి దిగి నుంచుంటాం అక్కా," అంది ట్రాలీలోని కూలీ రహమతున్నీసా.

"తాగుబోతులు తిరిగే చోట కింద నుంచుంటారా? పైనే కూర్చోండి. తాళం నా దగ్గరుంది, బండి కదలదు."

అలా చెప్పి వెళ్లింది. ఆటోవాళ్లతో బేరం ఇంకా తెగలేదు, ఇంతలో ట్రాక్టరు చప్పుడు వినిపించింది. తమ ట్రాక్టరే. రోడ్డుకు ఆ చివరా ఈ చివరా ఊగుతూ ఆమె ముందునుంచే పోయింది. చేతిలో తాళం చేతిలోనే ఉంది. కేకలు పెడుతూ, చెప్పులు ఊడిపోయినా చూసుకోకుండా వెనక పరిగెత్తింది. ఆమె కాలవ దగ్గరికి చేరేసరికి ట్రాలీ చక్రాలు పైకి తేలి ఉన్నాయి. యలమందయ్య గట్టు మీద పడి వాంతి చేసుకుంటున్నాడు.

సువార్తను మర్నాడు గానీ బయటికి తీయలేకపోయారు.

మట్టి చేసి, కట్టుకున్న చీరతోనే ఎలీసమ్మ స్టేషనుకు పోయింది. యలమందయ్య మీద కేసు అయిందన్నారు.

"పోసినాయన మీద?" అని అడిగింది.

"లైసెన్సున్నోడు మందు అమ్మటం నేరం కాదమ్మా. తాగి నడపటం నేరం," అన్నాడు ఎస్సై.

నాగేంద్రబాబు అప్పటికే వచ్చి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "పాపం, నాకూ బాధగానే ఉంది సార్. అయినా నేను తాళం తీసి ఈవిడ చేతికే ఇచ్చా. బండి నీ పూచీ అని పదిమంది ముందు చెప్పా. తర్వాత ఏం జరిగిందో ఈవిణ్ణే అడగండి."

"మీ సప్లయరే గదయ్యా పక్క ట్రాక్టరు తాళం తెచ్చిచ్చింది! ఆ ట్రాక్టరాయనే తర్వాత మాకు చెప్పాడు," అంది చేతికి కట్టుతో వచ్చిన రహమతున్నీసా. "వాకిట్లో ఆడోళ్లుంటే గిరాకీ రాదు, ముందు ఆ బండి తీయించండి అని మీరు అరవటం మేమంతా విన్నాం. ట్రాక్టర్లకి ఒకదాని తాళం ఇంకోదానికి పడుతుందని మీకు తెలియదా?"

"అది కస్టమరు తాళం. మాకేం సంబంధం?" చేతులు దులిపేసుకున్నాడు నాగేంద్రబాబు.

రహమతున్నీసా ఎలీసమ్మ వైపు తిరిగింది. ఏడుస్తూ చెప్పేసింది. "బండి కదలగానే దూకేద్దామన్నాం అక్కా. సువార్తే ఆపింది. మా అమ్మ తాళం ఇచ్చే ఉంటది, మా అమ్మ చూసుకోకుండా ఇయ్యదు, కూర్చోండి అంది."

ఎలీసమ్మ నేల మీద కూలబడింది. తర్వాత లేచి, కేసులు రాసే రైటరు బల్ల అంచు పట్టుకుంది.

"అయితే నా మీదే రాయండయ్యా. తాళాన్ని నమ్మి నా బిడ్డను బండి మీదే కూర్చోబెట్టా, తప్పే. నా పేరు రాయండి. నా పేరు కిందే పోసినాయన పేరు కూడా రాయండి. ఇద్దరం జైలుకి పోతాం."

రైటరు ఎస్సై మొహం చూశాడు. ఎస్సై నాగేంద్రబాబు మొహం చూశాడు.

"ఇంటిపేరేంది?" అన్నాడు రైటరు. చెప్పింది. రాసుకున్నాడు. రాసి, పెన్ను మూత పెట్టేశాడు.

"రెండో పేరో?" అంది ఎలీసమ్మ.

రైటరు ఇంకు ప్యాడు ఆమె ముందుకు జరిపాడు. "వేలిముద్ర వెయ్యి."