ఇస్త్రీపెట్టెకే ఓటు

నేను ఒక కడాయిని. వంటింటిది కాదు, పసుపు ఉడికించేది. ఇద్దరు మనుషులు నాలో కాళ్లు ముడుచుకుని కూర్చోవచ్చు. నాకు అసూయ ఉంది. ఆ సంగతి చివర్లో బయటపడటం కంటే ముందే చెప్పడం నయం.

నిజామాబాద్ వైపు ఒక కమ్మరి కొలిమిలో రేకులు వంచి, రివెట్లు కొట్టి నన్ను చేశారు. బోదెపల్లి భూమన్న ఎడ్లబండి మీద తెచ్చి పొలం గట్టున రాళ్ల పొయ్యి మీద పెట్టాడు. పసుపు తవ్వే రోజుల్లో ఊరు నా కోసం వంతులు వేసుకునేది. పచ్చికొమ్ములు నింపి, నీళ్లు పోసి, పైన పసుపాకు, దాని మీద తడి గోనెసంచి కప్పి మంట పెట్టేవాళ్లు. ఆవిరి వాసన మారగానే భూమన్న కోడలు లస్మవ్వ ఒక కొమ్ము తీసి చీపురుపుల్ల గుచ్చేది. పుల్ల దిగితే మంట లాగేసేవాళ్లు.

తర్వాత ట్రాక్టర్ వెనక తగిలించిన ఆవిరి బాయిలర్ వచ్చింది. నేను పూటంతా ఉడికించే పసుపును అది గంటలో దింపేసేది. నన్ను కొట్టంలో పెట్టి బర్రెలకు కుడితి పోశారు. బాయిలర్ ఊళ్లోకి వచ్చినప్పుడల్లా దాని గొట్టం పగలాలని కోరుకునేదాన్ని. ఒక్కసారీ పగల్లేదు. పసుపు తొందరగా ఉడికితే నాలుగు డబ్బులు మిగులుతాయని రైతులు అనుకున్నారు. మనుషులు యంత్రం కొన్న ప్రతిసారీ అలాగే అనుకుంటారు.

భూమన్న పోయిన కొన్నేళ్లకు మార్కెట్ యార్డులో పసుపు ధర ముందటేడాదికి సగమైంది. ఎరువు ధర సగం కాలేదు, కూలి సగం కాలేదు. ఆ రోజు యార్డులో జరిగింది నేను చూడలేదు. సంచులతో తిరిగొచ్చినవాళ్లు కొట్టం దగ్గర చెప్పుకుంటే విన్నాను. ఇష్టముంటే ఇయ్యి, లేకుంటే వాపస్ తీస్కపొమ్మన్నాడట ఖరీదుదారు. లస్మవ్వ వెళ్లి తన సంచి మీద కూర్చుంది.

"లెవ్వమ్మా, కాంటా పెట్టాలె."

"పెట్టు. నన్ను గూడ కలిపి జోకు. పసుపుకు ధర లేకుంటె నాకన్న ఉంటదేమో చూద్దాం."

జనం నవ్వారు. నవ్వినవాళ్లంతా పోయి తమ తమ సంచుల మీద కూర్చున్నారు. ఆ రోజు యార్డులో కాంటా ఆడలేదు.

మర్నాడు రైతులు హైవే మీద బైఠాయించారు. అంతమందికి వండటానికి ఊళ్లో అంత పాత్ర లేదు. ఊరి కమిటీ పెద్ద నడ్పి సాయన్నకు నేను గుర్తొచ్చాను. కుడితి పారబోసి, ఇసుకతో తోమి, నన్ను రోడ్డు మీదికి మోసుకెళ్లారు. నాలో ఉప్మా ఉడికింది. బాయిలర్‌లో ఉప్మా వండలేరు. ఆ రోజు నేను చాలా సంతోషంగా ఉన్నాను.

రైతు సంఘం పుట్టింది ఆ రోడ్డు మీదే. ధర వచ్చేదాకా ఎవరూ పసుపు అమ్మొద్దని కమిటీ డప్పు చాటింపు వేయించింది. కమిటీ మాట దాటితే ఊళ్లో పొయ్యికి నిప్పు కూడా ఎవరూ ఇవ్వరు కాబట్టి ఎవరూ అమ్మలేదు. ఇంటింటా సంచులు దొంతులు పెట్టి ఉన్నాయి. అంతలో జడ్పీటీసీ ఎన్నికలు వచ్చాయి.

"బయట నిలవడి ఎన్నాల్లు అడుగుతం?" అన్నాడు సాయన్న. "మనోల్లే లోపటికి పోయి కూసోవాలె. లస్మా, నువ్వు నిలవడు."

"నేనేం మాట్లాడ్తనే బాపూ ఆడ?"

"యార్డుల మాట్లాడింది చాలదా?"

గెలిస్తే ప్రభుత్వమే పసుపు కొనాలని జిల్లా పరిషత్తులో అడిగే గొంతు ఒకటి ఉంటుంది. ఓడితే వానలు పడేలోగా ఆ సంచులన్నీ అదే ఖరీదుదారుకు ఇవ్వాలి. మళ్లీ పంట పెట్టడానికి మరో దారి లేదు. ఇది ఊళ్లో అందరికీ తెలుసు.

పార్టీ లేని అభ్యర్థి పట్టికలోంచి ఒక గుర్తు కోరుకోవాలి. పట్టికలో కడాయి ఉంది. లస్మవ్వ అదే అడిగింది. ఎవరూ పేరు వినని ఇంకో మనిషి కూడా అదే అడిగాడు. అధికారి చీటీలు తీశాడు. కడాయి ఆ మనిషికి పోయింది. లస్మవ్వకు ఇస్త్రీపెట్టె వచ్చింది.

సాయన్న తన అంగీ వైపు చూసుకున్నాడు. "జిందగీల ఒక్కపారి ఇస్త్రీ చేయించలే. ఇప్పుడు దాన్ని వట్టుకొని ఊర్లు తిర్గాల్నా?"

తిరిగాడు. పట్నంలో ఇస్త్రీపెట్టె కొని, బొట్టు పెట్టి, దండ వేసి, ట్రాక్టర్ ముందు భాగాన కట్టారు. నన్ను బియ్యం బస్తాలతో కలిపి వెనక ట్రాలీలో వేశారు. నిప్పు మీద కూర్చోనిది, కొమ్ము ఉడికించనిది, ఒక్క చొక్కా కూడా రుద్దనిది దండలు వేయించుకుని ముందు పోతుంటే నేను వెనక దుమ్ము తిన్నాను. గుంతల్లో ట్రాక్టర్ ఎగిరినప్పుడల్లా ఆ తాడు తెగాలని కోరుకున్నాను. సంఘం కార్యదర్శి రాజేశ్వర్ ముడి గట్టిగా వేశాడు.

వెళ్లిన ప్రతి ఊళ్లో ముందు మైకులో మాట్లాడేవాళ్లు, తర్వాత నాలో వండి పెట్టేవాళ్లు. మైకు ముందు జనం కాసేపు నిలబడేవాళ్లు. నా చుట్టూ గంట కూర్చునేవాళ్లు. ఆడవాళ్లు నా అంచు తట్టి, "గిదేనా అక్కా, మీ మామ తెచ్చిన పసుపు కడాయి?" అని అడిగేవాళ్లు. లస్మవ్వ అవునని చెప్పి, ఇస్త్రీపెట్టె సంగతి మొదలుపెట్టేలోపు విస్తళ్లు వచ్చేవి. నేను ఇస్త్రీపెట్టె వైపు చూసేదాన్ని. దాని దండ వాడిపోయి ఉండేది.

"ఆ కడాయి గుర్తోడు ఒక్క ఊరు తిర్గుతలేడు," అన్నాడు రాజేశ్వర్ ఒక సాయంత్రం. "పోస్టర్ గూడ ఏస్తలేడు. డిపాజిట్ పోతది." అందరూ నవ్వారు. ఆ మనిషి ఎందుకు తిరగడం లేదని ఎవరూ అడగలేదు. అతని తరఫున తిరుగుతున్నది నేనే. ఎదుటి పార్టీవాళ్లు అతన్ని నిలబెట్టింది అందుకేనని ఓట్లు లెక్కపెట్టిన రోజు తెలిసింది. మేం వండని ఊళ్లలో ఇస్త్రీపెట్టె ముందుంది. వండిన ప్రతి ఊళ్లో కడాయికి ఓట్లు పడ్డాయి. లస్మవ్వ ఓడిన తేడా కంటే అవి ఎక్కువ.

ఆ మర్నాడు పక్క ఊరి ఎర్రవ్వ కర్ర పట్టుకుని నడిచి వచ్చింది. లస్మవ్వ కొట్టంలో నన్ను కడుగుతోంది.

"ఓడినవంటున్నరు, నిజమా బిడ్డా?"

"నిజమే పెద్దవ్వా."

"నా ఓటు మాత్రం పారబోలే. కండ్లు కనవడకున్నా దగ్గర వెట్టి చూసి, నీ కడాయి మీదనే గుద్దిన."

లస్మవ్వ చేతిలో పీచు ఆగింది. తర్వాత, "మంచి పని చేసినవ్ పెద్దవ్వా. చాయ్ తాగి పో," అంది.

అక్కడ ఉన్నవాళ్లలో సంతోషం కలిగింది నాకు ఒక్కదానికే. బాయిలర్‌ను కాదని, ఇస్త్రీపెట్టెను కాదని ఒక మనిషి నన్ను ఎంచుకుంది. ఆ వారంలోనే బోదెపల్లి సంచులు ట్రాక్టర్లు ఎక్కి యార్డుకు పోయాయి. ఖరీదుదారు చెప్పిన ధరకే తూకం వేశారు. ఈసారి లస్మవ్వ సంచి మీద కూర్చోలేదట.

సంఘం మాత్రం ఆగలేదు. పక్క మండలాలకు పాకింది. మళ్లీ ఎన్నికలు వచ్చేసరికి ప్రతి మండలంలో ఒక రైతును నిలబెట్టారు. బోదెపల్లి కమిటీ తన మొదటి తీర్మానం నా మీదే చేసింది: కడాయి ఊళ్లో ఉండొద్దు.

"అది మా మామ తెచ్చింది," అంది లస్మవ్వ.

"అందుకే చెప్తున్న," అన్నాడు సాయన్న. "అది ఊర్ల ఉంటె ఎవలో ఒకలు అండ్ల వండుతరు. జనం తిన్నది యాది మర్వరు."

లస్మవ్వ కొంగు నడుముకు దోపింది. తర్వాత తనే ఒక వైపు పట్టుకుని నన్ను ఆటో ఎక్కించింది.

ఇప్పుడు నేను హైవే పక్కన పాత ఇనప సామాన్ల దుకాణంలో బోర్లా పడి ఉన్నాను. ఈ పొద్దు సంఘం ట్రాక్టర్లు వరసగా పోతున్నాయి. వరస చివర కనిపించడం లేదు. ముందు ట్రాక్టర్ మీద లస్మవ్వ నిలబడి, ఈసారి వచ్చిన గుర్తు కాబోలు, దేన్నో రెండు చేతులతో పైకెత్తి చూపిస్తోంది. అదేంటో కనపడకుండా నాకు అడ్డంగా ఒక పాత బీరువా ఉంది. మైకులో గుర్తు పేరు పదే పదే చెబుతున్నారు. పక్కనే కట్టర్ రేకులు కోస్తోంది. ఆ చప్పుడులో ఆ ఒక్క మాటే వినపడటం లేదు.

ఈసారి ఎవరి మీద అసూయ పడాలో నాకు తెలియలేదు.